పెద్దల్లుడు తట్టలేదు

అద్దాల కొట్టు మామగారికి ఇద్దరల్లుళ్లు. పెద్దల్లుడు బండి నడుపుతాడు. చిన్నల్లుడూ బండి నడుపుతాడు. కొట్టుకు ఉన్నది ఒక్కటే బండి. గొడవంతా ఎక్కడ మొదలైందో మీకు ఈపాటికి అర్థమైపోయే ఉంటుంది.

చిన్నల్లుడు రాకముందు ఆ బండికి పెద్దల్లుడే దిక్కు. పెళ్లయిన కొత్తలో మామగారు పిలిచి తాళం చేతిలో పెట్టిన రోజు నుంచి డ్రైవరు సీటు ఆయనది. ఆయన నడుముకు తగ్గట్టు ఆ సీటు గుంటపడిపోయింది కూడాను. ఇంకెవరు కూర్చున్నా ఒక పక్కకు ఒరిగిపోవలసిందే. అద్దాల బండి నడపడమంటే ఇటుకల లోడు తోలడం కాదు. వెనక తొట్టిలో ఏటవాలుగా చెక్క చట్రం ఉంటుంది, దానికి పాత దుప్పట్లు చుట్టి ఉంటాయి. అద్దాన్ని దానికి ఆనించి నిలబెట్టి, అడుగున రబ్బరు పరిచి, జరగకుండా చెక్కముక్కలు దూర్చి, నవారుతో కట్టి, పైన టార్పాలిన్ కప్పుతారు.

ఇంత చేసినా, పెద్ద అద్దమైతే మాత్రం ఒక మనిషి దాని పక్కనే కూర్చుని అరచెయ్యి ఆనించి ఉండాలి. అద్దం వణుకు కంటికి కనిపించదు, చేతికే తెలుస్తుంది. ఎక్కువ వణికితే డ్రైవరు వీపు వెనకున్న రేకు మీద ఒకసారి తట్టాలి, అతను నెమ్మది చేస్తాడు. రెండుసార్లు తడితే బండి ఆపేయాలి. ఎందుకని అడగకూడదు. కొట్టు తెరిచిన నాటి నుంచీ మామగారి పద్ధతి అది.

పెద్దల్లుడి దగ్గర ఒక పటం ఉండేది. ఊరి పటమే, అందరూ కొనుక్కునేదే. ఆయన మాత్రం దాన్ని కొన్నది కొన్నట్టు ఉంచలేదు. రోడ్డు గతుకులుగా ఉన్నచోట పెన్సిలుతో రంపపు పళ్లు గీశాడు. మురుగు కాలవ మూత ఎత్తుగా ఉన్నచోట సున్న చుట్టాడు. బాల్కనీలు వీధిలోకి పొడుచుకొచ్చిన సందులకు అడ్డగీత కొట్టాడు. మడతల దగ్గర టేపు అంటించీ అంటించీ ఆ కాగితం అట్టలా తయారైంది. నడిమి మడతలో మార్కెట్టు మొత్తం చిరిగి ఎటో ఎగిరిపోయింది. అదేమని ఎవరైనా అడిగితే, "మార్కెట్టు నాకు నోటికొచ్చులే" అనేవాడు.

ఇక చిన్నల్లుడి సంగతి. పెద్దల్లుడి మరదల్ని చేసుకున్నప్పుడు అతను ఎక్కడో పార్శిళ్ల కంపెనీలో వ్యాను నడిపేవాడు. ఆ కంపెనీ మూతపడితే మామగారు కొట్లోకి రమ్మన్నారు. వచ్చాడు. వస్తూ వస్తూ అరచేతిలో పట్టే ఒక నల్ల డబ్బా వెంట తెచ్చుకున్నాడు. దాన్ని బండి ముందద్దానికి అతికిస్తుంటే పెద్దల్లుడు చేతులు కట్టుకుని చూశాడు.

"ఏంటది?"

"జీపీఎస్ అన్నయ్యా. దారి చెబుతుంది."

"మనకు దారి తెలియనప్పుడు కదా."

"నాకు తెలియదుగా అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు నవ్వుతూ.

ఆ నవ్వు చూసేసరికే పెద్దల్లుడికి ఒళ్లు మండింది. తెలియదని ఒప్పుకోవడంలో కూడా ఎదుటివాడు మార్కులు కొట్టేస్తున్నాడని ఆయనకు అనిపించింది. నిజం చెప్పాలంటే, కొట్టేశాడు కూడా. నెల తిరక్కుండానే సరుకు తొందరగా వస్తోందని కస్టమర్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. మామగారు ఫోన్ పెట్టేసి, "మన చిన్నబ్బాయి" అని చుట్టూ ఉన్నవాళ్లకు వినిపించేలా అనేవారు. ఇన్నేళ్లలో పెద్దల్లుణ్ణి మెచ్చుకుంటూ ఎవరూ ఫోన్ చేసింది లేదు. అద్దం పగలకుండా చేరితే ఎవరు మాత్రం ఫోన్ చేస్తారు?

అత్తగారైతే ఆ డబ్బాలో మాట్లాడే ఆడగొంతు మీద మనసు పారేసుకుంది. చిన్నల్లుడు ఆవిణ్ణి ఒకసారి బండిలో కూర్చోబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆదివారం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఆవిడ ఆ ముచ్చటే ఎత్తుకుంది.

"ఎంత ఓపికో ఆ పిల్లకి. దారి తప్పినా కసురుకోదు, మళ్లీ మొదటి నుంచీ చెబుతుంది. మీ మామగారు ఆ పిల్ల దగ్గర నేర్చుకోవాలి."

"తప్పు దారి చెప్పినా అంతే మర్యాదగా చెబుతుందండీ," అన్నాడు పెద్దల్లుడు, కంచంలోంచి తలెత్తకుండా.

ఎవరూ నవ్వలేదు. చిన్నల్లుడొక్కడే నవ్వాడు. "నిజమే అన్నయ్యా, మొన్న నన్ను ఒకళ్ల పెరట్లోకి తీసుకెళ్లింది," అన్నాడు. దాంతో అందరూ పగలబడి నవ్వారు. పుల్లవిరుపు మాట తనది, నవ్వులు వాడివి. పెద్దల్లుడు సగం భోజనంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

ఇంటికొస్తూ ఆయన భార్య, "పోనీ మీరూ ఒకటి కొనుక్కోవచ్చు కదండీ," అంది మెల్లిగా.

"నీ చెల్లెలి మొగుడి దగ్గర పాఠాలు నేర్చుకునే ఖర్మ నాకింకా పట్టలేదు."

"నేనేమన్నానని?"

"అనాల్సినవన్నీ అక్కడే అన్నారుగా, ఇంటిల్లిపాదీ."

మొగుడికి పట్టిన రోగమేమిటో ఆవిడకు తెలుసు, మందు లేదని కూడా తెలుసు.

ఒక మధ్యాహ్నం ఇంకో తమాషా జరిగింది. బండి కొట్టు వెనక సందులో ఉంది, చిన్నల్లుడు భోజనానికి వెళ్లాడు. పెద్దల్లుడు అటూ ఇటూ చూసి బండెక్కి, తలుపు వేసుకుని, ఆ డబ్బాను వెలిగించాడు. తన చిన్నప్పటి ఇంటి చిరునామా అందులో కొట్టాడు. తోపుడు బండి కూడా తిరగని సందు అది. ఏ పటంలోనూ దానికి పేరుండదు. తను ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టే లోపలే డబ్బా సందు పేరు పూర్తి చేసేసి, నీలం గీత గీసి, ప్రయాణం మొదలుపెట్టమంది. పెద్దల్లుడికి తన ట్రంకుపెట్టె ఎవరో తాళం తీసి చూసినట్టనిపించింది.

"ఆ సందు నీకెవరు చెప్పారే?" అన్నాడు పైకే.

తలెత్తేసరికి కిటికీ దగ్గర చిన్నల్లుడు రెండు టీ గ్లాసులతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఏమో. ఒక గ్లాసు లోపలికి అందించి, "గొంతు మరీ గట్టిగా ఉంటే తగ్గించుకోవచ్చన్నయ్యా, పక్కన బటనుంది," అని వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి నలుగురిలో నవ్వులపాలు చేసినా బాగుండేదని పెద్దల్లుడు చాలాసార్లు అనుకున్నాడు, కనీసం తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

ఆ తర్వాత బీరువా అద్దాలు తీసుకుని ఇద్దరూ కలిసి వెళ్లారొకసారి. స్టీరింగ్ పెద్దల్లుడిది. పటం ప్రకారం స్టేషను ముందు కుడికి తిరగాలి. తిరగబోతే అక్కడ సిమెంటు దిమ్మలు కట్టేసి ఉన్నాయి. పక్క రోడ్డు పట్టుకుంటే అది వన్‌వే అయిపోయింది. తిరిగి తిరిగి వాళ్లు బయల్దేరిన పెట్రోలు బంకు దగ్గరే తేలారు. చిన్నల్లుడు ముందే ఊడదీసి జేబులో వేసుకున్న డబ్బాను బయటికి తీయలేదు, పల్లెత్తు మాట అనలేదు. కొట్టుకొచ్చాక మామగారు ఆలస్యమెందుకైందని నిలదీస్తే, "ట్రాఫిక్ మామయ్యా," అన్నాడు. పెద్దల్లుడు లోపలికెళ్లి కటింగు బల్ల మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు. జాలిపడ్డాడు నా మీద, అనుకున్నాడు. నా మీద జాలిపడటానికి వాడెవడు, అనుకున్నాడు. బల్ల అప్పటికే శుభ్రంగా ఉంది.

ఇలా కడుపుమంట లోలోపల రాజుకుంటున్న రోజుల్లోనే ఆ పెద్ద అద్దం వచ్చింది.

కుర్చీలూ మంచాలూ అమ్మే కొత్త షోరూమ్ ముందు భాగానికి పెట్టే అద్దం అది. అంత పెద్ద పలక ఆ కొట్టు గడప ఎప్పుడూ తొక్కలేదు. ఫ్యాక్టరీ నుంచి చెక్కల మధ్య బిగించి పంపారు. ఆ చెక్కలు ఊడదీసి గోడకు ఆనించాక కొట్లో అందరూ అడుగులో అడుగేసుకుని నడిచారు. షోరూమ్ తెరిచే రోజు దగ్గర పడింది. ఇది పగిలితే ఈలోపు ఇంకోటి రాదు. వాళ్లకున్న మిగతా షోరూముల పనంతా వేరే కొట్టుకు పోతుంది. ఇంతకుముందు ఎంత పెద్ద అద్దమైనా ఎవరు నడపాలనే ప్రశ్నే వచ్చేది కాదు. పెద్దల్లుడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, పటం జేబులో పెట్టుకుని, బండి టైర్లలో గాలి కూడా తనే చూసుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

మామగారు ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లారు.

"చిన్నబ్బాయి నడుపుతాడు. నువ్వు వెనక కూర్చో."

"నేనా?"

"నువ్వే. చూడబ్బాయ్, నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఈమధ్య నువ్వు ఊరంతా తిప్పి తీసుకెళ్తున్నావు. సగం రోడ్లు నీ పటంలో లేవు, ఉన్నవి సగం మారిపోయాయి. ఇది క్షేమంగా చేరిందంటే బండి ఇక అతనికే అప్పజెబుతాను. నువ్వు నాతో కొట్లో ఉందువుగాని."

"మీ ఇష్టం మామయ్యా," అన్నాడు పెద్దల్లుడు.

అద్దాన్ని మోసి, ఆనించి, బిగించారు. పెద్దల్లుడు వెనకెక్కి తిరగేసిన చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. టార్పాలిన్ దించారు. లోపల చీకటి, కుట్ల సందుల్లోంచి సన్నగా వెలుగు. ఇంజను మోగింది. తన సీట్లో ఇంకొకడు కూర్చుని తన గేరు మారుస్తుంటే ఆ చప్పుడు వెనక నుంచి వినడం ఆయనకు అదే మొదటిసారి. చిన్నల్లుడు గేరు చాలా మెత్తగా మార్చాడు. అది ఇంకా బాధ.

ఆయన అరచెయ్యి అద్దానికి ఆనించాడు. చల్లగా ఉంది, నిలకడగా ఉంది. రేకులో ఉన్న చిన్న కంత నుంచి డబ్బా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నేరుగా వెళ్లండి. కుడివైపు తిరగండి. కళ్లకు ఏమీ కనిపించకపోయినా పెద్దల్లుడికి బండి ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. ఇది బేకరీ మలుపు. ఇది రైలు గేటు, ఇప్పుడు నాలుగు చక్రాలూ పట్టాలు దాటుతాయి. నెమ్మది చెయ్యమని ఒకసారి తట్టాడు. వెంటనే బండి నెమ్మదించింది. పట్టాలు దాటాక మళ్లీ వేగం అందుకుంది.

తర్వాత పాత మిల్లు కూడలి వస్తుంది. అక్కడి నుంచి షోరూముకు రెండు దారులు. నేరుగా పోతే చుట్టు, కానీ రోడ్డు నున్నగా ఉంటుంది. ఎడమకు తిరిగితే దగ్గర. ఆ ఎడమ దారిని నీళ్ల పైపుల కోసం తవ్వి పారేశారు. మొన్న ఒక ఇంటికి బాత్రూము అద్దం బిగించడానికి సైకిలు మీద వెళ్తూ పెద్దల్లుడు కళ్లారా చూశాడు. అడ్డంగా గోతులు, వాటి మీద ఎగుడుదిగుడుగా పరిచిన ఇనప పలకలు. ఇంటికొచ్చి పటంలో ఆ ముక్క మీద బారుగా పళ్లు గీశాడు. ఆ పటం ఇప్పుడు ఆయన చొక్కా జేబులో, గుండెకు ఆనుకుని ఉంది.

"కొద్ది దూరంలో ఎడమవైపు తిరగండి," అంది డబ్బా, మర్యాదగా.

పెద్దల్లుడి కుడి చెయ్యి దానంతటదే లేచి రేకు దాకా వెళ్లింది. రెండుసార్లు తడితే చాలు. బండి ఆగుతుంది, ఎందుకని అడగరు, నేరుగా పొమ్మంటే పోతారు. అద్దం క్షేమంగా చేరుతుంది. చేరిన అద్దానికి పేరు ఎవరికి? నడిపినవాడికి. తాళం ఎవరికి? వాడికే. తన పటం, తన చెయ్యి, తన సైకిలు ప్రయాణం అన్నీ కలిపి వాడి నెత్తిన కిరీటం పెడతాయి. అదే అద్దం పగిలితే, పగలగొట్టింది ఆ డబ్బా, దాన్ని నమ్మిన చిన్నబ్బాయి. పగలనీ, అనుకున్నాడు. ఆదివారం భోజనాల దగ్గర ఎలా నవ్వుతారో నేనూ చూస్తాను.

కూడలిలో బండి బాగా నెమ్మదించింది, దాదాపు ఆగింది. సిగ్నలేమో అనుకున్నాడు. వెనక ఎవరో హారన్ మీద హారన్ కొడుతున్నారు. పెద్దల్లుడు చేతిని రేకు దగ్గర నుంచి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

బండి ఎడమకు తిరిగింది.

మొదటి ఇనప పలక ఎక్కగానే అద్దం మూలిగింది. రెండో పలకకు అరచేతి కింద ఆ వణుకు మోచెయ్యి దాకా పాకింది. చిన్నల్లుడు చీమలా నడుపుతున్నాడు గానీ గొయ్యికి చీమైతేనేం ఏనుగైతేనేం. మూడో చోట బండి ఒక పక్కకు ఒరిగింది, అడుగున బిగించిన చెక్కముక్క ఎగిరి అవతల పడింది. అద్దం చట్రాన్ని వదిలి ఆయన మీదికి జరిగింది.

పగలనీ, పగలనీ అని మనసు అంటూనే ఉంది. చేతులు వింటే కదా. ఆయన పెట్టె మీంచి లేచి రెండు చేతులూ బారచాపి అద్దాన్ని కావలించుకున్నంత పని చేశాడు. భుజం ఆనించి చట్రం వైపుకు నెట్టాడు. చెక్కముక్క ఉండాల్సిన చోట చెప్పుతో సహా పాదం దూర్చాడు. అద్దం బరువంతా కాలి బొటనవేలి మీద పడింది. ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు తట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. నోరు తెరిచి ఆపమని అరవొచ్చు. అరిస్తే, మరి కూడలి దగ్గర ఎందుకు తట్టలేదంటే ఏం చెబుతాడు? పళ్లు బిగించి, బుగ్గ అద్దానికి ఆనించి, ఆ రోడ్డు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. చెమటకు చొక్కా తడిసి జేబులోని పటం మెత్తబడింది.

షోరూము దగ్గర పనివాళ్లు టార్పాలిన్ ఎత్తారు. పెద్దల్లుడు అప్పటికే చెక్కముక్క వెతికి మళ్లీ కింద దూర్చి, పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నలుగురు కలిసి అద్దాన్ని దించి షోరూము చట్రంలో నిలబెట్టారు. గీత కూడా పడలేదు. ముందే స్కూటరు మీద వచ్చి కాపు కాసిన మామగారు చిన్నల్లుడి వీపు తట్టి, "ఇక తాళం నీ దగ్గరే ఉంచుకో," అన్నారు. పెద్దల్లుడు ఆ మాట వింటూ బండి వెనక చక్రం దగ్గర కూలబడి చెప్పు విప్పాడు. బొటనవేలు గోరు నల్లబడిపోయింది. తన చేతులతో తనే తన సీటును వాడికి అప్పజెప్పాడు. అంత మంటలోనూ ఆయనకు నవ్వొచ్చింది.

చిన్నల్లుడు నీళ్ల సీసా పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కాలికేమైందన్నయ్యా?"

"ఏం లేదు. చెక్క పడింది."

"మీకొక మాట చెప్పాలి. మిల్లు కూడలి దగ్గర నాకు గుండెలు జారిపోయాయి."

"ఎందుకు?"

"ఎడమ వైపు మట్టిగుట్టలు కనిపించాయి. డబ్బా మాత్రం ఎడమకే పొమ్మంటోంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. బండి ఆపేశాను దాదాపు. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు, తిడుతున్నారు. అయినా మీరు తడతారేమోనని చూశాను. చాలాసేపు చూశాను. మీరు తట్టలేదు. ఈ రోడ్డు అన్నయ్యకు తెలియకుండా ఉండదు, తట్టలేదంటే అద్దం తట్టుకుంటుందనే కదా అనుకుని తిప్పేశాను."

పెద్దల్లుడు సీసా మూత తీశాడు. తాగలేదు.

"డబ్బా చెప్పిందని కాదా?"

"దానికి దారి తెలుసు గానీ అద్దం సంగతి ఏం తెలుసన్నయ్యా. అందుకే మామయ్యకు ముందే చెప్పాను, అన్నయ్య వెనక కూర్చుంటేనే నడుపుతాను, లేకపోతే నా వల్ల కాదని. ఆయన మీతో అనలేదా?"

"లేదు," అన్నాడు పెద్దల్లుడు.

ఇన్నాళ్లూ ఆయన పడ్డ అసూయ ఏ మూలకు. డబ్బా మీద, ఫోన్ల మీద, అత్తగారి మెప్పు మీద ఏడ్చిన ఏడుపంతా ఒక ఎత్తు, ఆ బండి చక్రం పక్కన కూర్చుని ఏడ్చింది ఒక ఎత్తు. వెనక ఉన్నవాడి చెయ్యి మీద అంత భారం వేసి స్టీరింగ్ తిప్పాడు వీడు. తను ఎప్పుడైనా తిప్పాడా? వెనక ఎవరు కూర్చున్నా తన పటాన్నే నమ్మాడు. ఎవరైనా తడితే, నాకు తెలియదా అని గొణుక్కుంటూ ఆపాడు. అంత నిశ్చింతగా ఒక మనిషిని నమ్మడం వీడికెలా చేతనైంది? ఆ గుణం డబ్బాలా బజార్లో దొరికితే అప్పటికప్పుడు వెళ్లి కొనుక్కునేవాడు. దొరకదు. అందుకే కడుపు ఇంకా మండింది.

తిరుగు ప్రయాణంలో బండి ఖాళీ. చిన్నల్లుడు తాళం చాచి, "మీరు నడపండన్నయ్యా," అన్నాడు. పెద్దల్లుడు కాలు చూపించి, కుంటుకుంటూ వెళ్లి ముందు పక్క సీట్లో కూర్చున్నాడు. చిన్నల్లుడు గుంటపడ్డ సీట్లో ఒక పక్కకు ఒరిగి కూర్చుని బండి తీశాడు. తవ్విన రోడ్డు మొదలయ్యే చోటు రాగానే డబ్బా మళ్లీ అందులోకే తిరగమంది. చిన్నల్లుడు దాని వైపు చూడలేదు, పెద్దల్లుడి వైపు చూశాడు.

"నేరుగా పో."

"సరే అన్నయ్యా."

బండి నున్నటి రోడ్డెక్కింది. చిన్నల్లుడి చూపు మధ్యలో ఒకసారి అన్నయ్య కాలి మీదికి పోయింది. వేలు వాచింది, గోరు మీద అద్దం అంచు పడ్డ చోట బారుగా గీత ఉంది. చెక్కముక్క పడితే అలాంటి గీత పడదు. అద్దాల కొట్లో పనిచేసే ఎవడికైనా అది తెలుసు.

"ఇకమీదట," అన్నాడు పెద్దల్లుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను తట్టకపోయినా బండి ఆపి నన్ను అడుగు."

"మీరు తట్టకపోతే బాగున్నట్టే కదన్నయ్యా?"

"అడగమన్నాను కదా."

చిన్నల్లుడు గేరు మార్చాడు. చెయ్యి చాచి డబ్బా నోరు మూయించాడు.

"అడుగుతాను," అన్నాడు.

ఎందుకని మాత్రం అడగలేదు.